పాలడబ్బాలు ఆపండి, ముందు ఆ తల్లి పక్కన కూర్చోండి

ప్రశ్న ఏంటంటే, వరదో తుఫానో వచ్చి వెళ్లాక పల్లెటూళ్లలో తల్లుల, పసిపిల్లల ఆరోగ్యం బాగుపడాలంటే ముందుగా ఏం చెయ్యాలి అని. చాలామంది మందులు, మెడికల్ క్యాంపులు, అంబులెన్సులు అని రాశారు, కాదనను. నేను నర్సుని, ఒక వరదప్పుడు స్కూల్ బిల్డింగ్‌లో పెట్టిన శిబిరంలో పదకొండు రోజులు పనిచేశా. నన్నడిగితే అన్నిటికంటే ముందు పాలడబ్బాలు పంచడం ఆపాలి.

రెండో రోజు పొద్దున్నే ఎవరో దాతలు వ్యాన్‌లో పాలపొడి డబ్బాలు, పాలసీసాలు తెచ్చి దించి వెళ్లారు. మంచి మనసుతోనే తెచ్చారు, వాళ్లనేం అనను. చంటిబిడ్డ ఉన్న ప్రతి తల్లికీ ఒక డబ్బా ఒక సీసా చొప్పున పంచింది నేనే. ఎవరు తమ పాలు ఇస్తున్నారు, ఎవరు ఇవ్వట్లేదు అని ఒక్కరిని కూడా అడగలేదు. అది ఇప్పటికీ నా మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది.

వాళ్లలో ఒకమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, తొలి కాన్పు, ఒళ్లో నలభై రోజుల బిడ్డ. రాత్రంతా చుట్టూ నీళ్లు, మేడ మీద కూర్చుని తెల్లారాక పడవలో వచ్చింది. "అక్కా, భయానికి నా పాలు ఎండిపోయాయి" అంది, పక్కనున్న పెద్దవాళ్లు కూడా అవును ఎండిపోతాయి అన్నారు, నేను డబ్బా చేతిలో పెట్టేశా. నాలుగో రోజుకల్లా బిడ్డకి నీళ్లవిరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, ఏడుస్తోంది గానీ కన్నీళ్లు లేవు, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత వెంటనే పోవట్లేదు. ఆ సీసా తీసి చూశా, పీక లోపల తెల్లగా పేరుకుపోయి జిగటగా ఉంది. ఎక్కడ కడుగుతుంది చెప్పండి, శిబిరం మొత్తానికి ఒక్క ట్యాంకర్, నీళ్లు కాచుకోవడానికి పొయ్యి లేదు.

డాక్టర్‌గారు వచ్చి చూసి ఓఆర్ఎస్, జింక్ మొదలుపెట్టించారు, తల్లిపాలు మళ్లీ పట్టించమన్నారు. ఇక్కడ ఒక సంగతి అందరికీ తెలియాలి, భయానికి పాలు ఎండిపోవు. చేపు ఆగుతుంది అంతే. పాలని బయటికి నెట్టే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఒకటుంది, గాభరాలో, నిద్రలేమిలో అది కాసేపు తగ్గుతుంది, మనిషి కుదుటపడితే మళ్లీ వస్తుంది. బిడ్డ చీకడం మానేస్తే మాత్రం నిజంగానే పాలు తగ్గిపోతాయి. అంటే ఆ అమ్మాయికి పాలు తగ్గించింది వరద కాదు, నేనిచ్చిన సీసా.

క్లాస్‌రూమ్‌లో ఒక మూల దుప్పటి అడ్డం కట్టి వాళ్లిద్దరికీ చోటు చేశాం. బిడ్డకి బట్టలు తీసేసి తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి పైన కప్పాం. రెండు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, రొమ్ముకి పట్టించడం, ఓఆర్ఎస్ చెంచాతో, చాలకపోతే ఎలాగోలా కాచి తెచ్చిన నీళ్లతో పాలపొడి కలిపి చిన్న కప్పుతో, సీసా మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. మొదటి రెండు రాత్రులు ఏమీ లేదు, ఆ అమ్మాయి ఏడుస్తూనే ఉంది, నేను వీపు నిమురుతూ కూర్చున్నా. మూడో రాత్రి బిడ్డ ఒక వైపు చీకుతుంటే రెండో వైపు నుంచి పాలు చుక్కలు చుక్కలుగా కారి బట్ట తడిసిపోయింది. "అక్కా, ఇటు చూడు" అని నా చెయ్యి లాగి ఆ తడి మీద పెట్టింది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఇండోనేషియాలో 2006లో యోగ్యకర్త భూకంపం తర్వాత లెక్క తీస్తే, దానంగా వచ్చిన పాలపొడి అందిన పిల్లల్లో నూటికి 25 మందికి విరేచనాలు పట్టుకున్నాయి, అందనివాళ్లలో 12 మందికి మించలేదు. తల్లి లేని బిడ్డకి, అసలు తల్లిపాలకి అవకాశమే లేని బిడ్డకి డబ్బాపాలు కావాలి, తప్పదు, కానీ మనిషిని చూసి, శుభ్రమైన నీళ్లు ఏర్పాటు చేసి, కప్పుతో పట్టడం నేర్పి ఇవ్వాలి గానీ లైన్లో నిలబెట్టి పంచకూడదు.

ఇంకో బాధ కూడా చెప్తా. మా శిబిరం రిజిస్టర్‌లో కుటుంబాలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని అన్నీ ఉన్నాయి, గర్భిణులు ఎంతమంది అన్న కాలమ్ లేదు! జనాభాలో నూటికి నలుగురు గర్భిణులు ఉంటారని సహాయక సంస్థలు అంచనా వేసుకుంటాయి, అంటే వెయ్యిమంది ఉన్నచోట నలభై మంది, వాళ్లలో నూటికి 15 మందికి ప్రాణం మీదికొచ్చే సమస్య రావచ్చు. రోడ్డు తెగిపోయిన ఊళ్లో నొప్పులు మొదలయ్యాక పడవ వెతుక్కుంటే ఏం లాభం? ఎవరికి ఏ నెల, ఏ ఆస్పత్రికి, పడవ ఎవరిది, తోడు ఎవరు, ఇవి మొదటి రోజే రాసుకోవాలి. మేం ఐదో రోజు రాశాం, చాలా ఆలస్యం.

అలా రాస్తుంటేనే ఒక తొమ్మిదో నెలావిడ చెప్పింది, నీళ్లు తాగడం బాగా తగ్గించేశానమ్మా అని. ఎందుకంటే బాత్రూమ్ తలుపుకి లోపల గడియ లేదు, లైటు లేదు, చీకటి పడేదాకా ఆపుకుంటోంది. అప్పటికే మూత్రంలో మంట కూడా మొదలైంది, దాన్ని అలా వదిలేస్తే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఆవిణ్ణి డాక్టర్‌గారికి చూపించి, ఒక కుర్రాణ్ణి పిలిచి గడియ బిగించమన్నా. రెండు మేకులు, ఒక కొక్కెం, పావుగంట పట్టింది. ఆవిడ వెళ్లి తలుపేసి రెండుసార్లు లాగి చూసుకుంది, బయటికొచ్చి బాటిల్ ఎత్తి సగం దాకా ఒక్క గుక్కలో తాగేసింది.