కోరిన వోల్టేజీ ఒకటి, చేతికి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మరొకటి

ప్రశ్న: ఇంట్లో పాటలు వినడానికి సొంతంగా ఆంప్లిఫయర్ తయారు చేసుకుంటున్నాను. 230 వోల్టుల కరెంటుపై 35-0-35 వోల్టులు (మధ్య తీగకు రెండు వైపులా 35 చొప్పున) ఇచ్చే, 500 వి.ఎ. (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యం గల టొరాయిడల్ (ఉంగరం ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ కావాలని, అది దేనికో కూడా చెప్పి, హైదరాబాద్‌లోని ఒక తయారీదారుకు వాట్సాప్‌లో రాసి డబ్బు ముందుగానే చెల్లించాను. వచ్చినది 44-0-44 ఇస్తోంది. చూసుకోకుండా కలపడంతో ఆంప్లిఫయర్ బోర్డు కాలిపోయింది. లోడ్ (కరెంటు వాడుకునే పరికరం) లేకుండా కొలిస్తే ఎక్కువే చూపుతుందని, ఆర్డరుపై చేసిన వస్తువును వెనక్కి తీసుకోబోమని ఆయన అంటున్నారు. నేనేం చేయాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ పక్షాన చట్టం స్పష్టంగానే ఉంది. ఇకపై తయారు చేయబోయే వస్తువును అమ్మడానికి కుదిరిన ఒప్పందానికి కూడా 1930 నాటి వస్తు విక్రయ చట్టం వర్తిస్తుంది. వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 15వ సెక్షన్, అవసరాన్ని తెలిపి విక్రేత నైపుణ్యంపై ఆధారపడినప్పుడు వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలని 16వ సెక్షన్ చెబుతున్నాయి. కొనుగోలుదారు మనసు మార్చుకున్నప్పుడు ‘వెనక్కి తీసుకోబోము’ అనడం న్యాయమే కావచ్చు గాని, అడిగినది కాక వేరొకటి ఇచ్చినవారికి ఆ మాట రక్షణ కాదు.

లోడ్ గురించిన వాదనను మాత్రం తేలికగా తీసుకోవద్దు, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. అయితే ఈ సామర్థ్యం గల టొరాయిడల్‌లో ఆ తేడా సాధారణంగా పది శాతం లోపే ఉంటుంది. దానికి తోడు ఇంటి కరెంటు 250 వోల్టులకు పెరిగినా, రెండూ కలిపి 42 వోల్టులు దాటవు. అందువల్ల ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే వైపు), సెకండరీ (బయటికి ఇచ్చే వైపు) వోల్టేజీలను ఒకే సమయంలో, లోడ్‌తోనూ లోడ్ లేకుండానూ, వృత్తి తెలిసిన మూడో వ్యక్తి చేత కొలిపించి సంతకంతో రాయించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను మీరు విప్పవద్దు. అవసరమైతే వినియోగదారుల కమిషనే దానికి సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు.

ఆ కాగితం చేతికి రాగానే, జాప్యం చేయకుండా స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. అభ్యంతరం తెలపకుండా ఎక్కువ కాలం ఉంచుకుంటే వస్తువును మీరు అంగీకరించినట్లేనని వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ కింద ఆయన వాదించగలరు. వాట్సాప్ సందేశాలను చెరిపివేయకండి, ఆ ఫోన్‌ను కూడా భద్రపరచండి. చాలా టొరాయిడల్‌లలో సెకండరీ వైండింగ్ (తీగ చుట్ట) పై పొరగా ఉంటుంది కాబట్టి చుట్లు తగ్గించి సరిచేయడం తరచుగా సాధ్యమే. ఉచితంగా సరిచేయాలని, లేదా ధర తిరిగి ఇవ్వాలని, బోర్డు నష్టం కూడా చెల్లించాలని కోరండి. కలపడానికి ముందు ఎందుకు కొలవలేదని ఆయన తప్పక అడుగుతారు కాబట్టి, బోర్డు నష్టం పూర్తిగా రాకపోవచ్చు.

స్పందన లేకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కరలేదు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. మీరు ఆంప్లిఫయర్లు చేసి అమ్మే వ్యాపారులైతే ‘వినియోగదారు’ కారన్న అభ్యంతరం వచ్చేది. సొంత ఇంటి కోసమే కాబట్టి ఆ చిక్కు లేదు, ఆ విషయాన్ని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.