లాక్టోజ్ లోపలికెలా వచ్చింది?

తమ్ముడూ,

ట్రాన్స్‌క్రిప్షన్ మీద నీ ఆర్టికల్ చదివా. చెయ్యి తిరుగుతోంది, బావుంది, కానీ మొదటి పేరా చూడగానే ఇంటర్ గైడు గుర్తొచ్చింది, ఏమీ అనుకోకు. "డీఎన్ఏ నుండి ఆర్ఎన్ఏ ఏర్పడు ప్రక్రియను ట్రాన్స్‌క్రిప్షన్ అందురు" అంటే రేపు పరీక్షున్నోడు తప్ప ఎవరు చదువుతారయ్యా?

ఒక్క కణాన్ని పట్టుకో. నన్నడిగితే మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా. దానికి గ్లూకోజ్, లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) రెండూ కలిపి ఇస్తే ముందు గ్లూకోజ్ ఖాళీ చేస్తుంది, తర్వాత కాసేపు పెరగడం ఆపేస్తుంది, ఆ తర్వాతే లాక్టోజ్ మొదలెడుతుంది. 1940ల మొదట్లో పారిస్‌లో జాక్ మోనో అనే శాస్త్రవేత్త గ్రాఫులో ఈ ఆగిన ముక్క చూసి వదల్లేదు, చివరికి 1961లో ఫ్రాన్స్వా జాకోబ్‌తో కలిసి లాక్ ఓపెరాన్ (లాక్టోజ్‌ని వాడుకునే జీన్లు ఒకే స్విచ్ కింద ఉండే గుంపు) పేపరు వేశాడు, 1965లో ఆండ్రీ ల్వాఫ్‌తో పాటు ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నీ కథ ఆ ఆగిన దగ్గర మొదలుపెట్టు.

పాలిమరేజ్ అనే ఎంజైము జీన్ల ముందుండే ప్రమోటర్ అనే డీఎన్ఏ ముక్క మీద కూర్చుని, డీఎన్ఏ రెండు పోగులూ విడదీసి, ఒకదాన్ని చూస్తూ సెకనుకి సుమారు 40-50 అక్షరాల చొప్పున ఆర్ఎన్ఏ అల్లుకుంటూ పోతుంది, డీఎన్ఏలో టీ అనే అక్షరం రావాల్సిన చోట యూ పెడుతుంది. ఇది ఇంతే, నువ్వు పేజీన్నర రాశావ్.

అసలు మజా కంట్రోల్‌లో ఉంది, దాన్నేమో ఒక్క లైనులో కానిచ్చేశావ్, "లాక్టోజ్ లోపలికి రాగానే స్విచ్ ఆన్ అవుతుంది" అని. సరే, లాక్టోజ్ లోపలికెలా వచ్చింది? దాన్ని లోపలికి తెచ్చే పర్మియేజ్ అనే ప్రోటీన్ జీన్ కూడా ఆఫ్‌లో ఉన్న ఆ ఓపెరాన్‌లోదే కదా! పైగా ఆ జీన్ల ముందు ఆపరేటర్ అనే చోట కూర్చుని వాటిని ఆపే రెప్రెసర్ ప్రోటీన్‌ని ఊడగొట్టేది అల్లోలాక్టోజ్, లాక్టోజ్‌ని అలా మార్చే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము కూడా అక్కడిదే. తెలివైన పాఠకుడు ఇక్కడే నిన్ను పట్టుకుంటాడు.

జవాబేంటంటే అది పూర్తిగా ఆఫ్ అవ్వదు. కణం మొత్తానికి ఆ రెప్రెసర్లు సుమారు పదే ఉంటాయి, అతుక్కున్నది కూడా అప్పుడప్పుడు ఊడుతుంది, ఆ సందులో ఒకటో రెండో ఆర్ఎన్ఏలు తయారైపోతాయి, వాటి నుంచి నాలుగు పర్మియేజ్‌లు, నాలుగు ఎంజైములు. ఆ లీకే లేకపోతే పక్కనే లాక్టోజ్ ఉన్నా కణానికి తెలిసే దారి లేదు. దీనికి రెండు పేరాలు ఇచ్చినా తప్పులేదు.

మరి గ్లూకోజ్ ఉన్నంతసేపు ఎందుకు ఊరుకుంటుంది అంటావా, గ్లూకోజ్ వస్తున్నంతసేపు ఉన్న ఆ నాలుగు పర్మియేజ్‌ల్నీ పని చెయ్యనివ్వదు, అది అయిపోయాక సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరిగి క్యాప్ అనే ప్రోటీన్‌తో కలిసి పాలిమరేజ్‌ని ప్రమోటర్ దగ్గర నిలబెడుతుంది. రెప్రెసర్ ఊడినా ఈ సాయం లేకపోతే పని నత్తనడకే.

"ఇవన్నీ మనకెందుకు" అనేవాళ్ల కోసం టీబీ మందు రిఫాంపిసిన్ గురించి రాయి. వేసుకున్నోళ్లకి మూత్రం నారింజ రంగులో వస్తుందే, అదే. బాక్టీరియా పాలిమరేజ్‌ని పట్టుకుని రెండు మూడు అక్షరాలు దాటి ముందుకెళ్లనివ్వదు, మన పాలిమరేజ్ జోలికి మాత్రం రాదు. మన ఊళ్లలో ఆ బిళ్ళ తెలియని వీధుండదు, అయినా అది ఆపేది ట్రాన్స్‌క్రిప్షన్‌ని అని ఎవరూ చెప్పరు.

మనిషి కణాలు, న్యూక్లియస్, స్ప్లైసింగ్ (ఆర్ఎన్ఏని కత్తిరించి అతికించడం) ఇందులో ఇరికించకు, అది వేరే ఆర్టికల్. ఆదివారంలోపు మార్చి పంపు, బొమ్మలు తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య