ఇంజిన్ ట్యూనింగ్: డైనో నేర్చుకోవాలా, రోడ్డు చాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు. కార్ ఇంజిన్ ట్యూనింగే తన కెరీర్ అంటున్నాడు. ల్యాప్‌టాప్ ఉంటే రోడ్డు మీదే నేర్చుకోవచ్చని, షార్ట్ టర్మ్ రీమ్యాపింగ్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చడం) కోర్సులో చేరతానని పట్టుబడుతున్నాడు. డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) టెస్టింగ్ వస్తేనే ఉద్యోగమని కొందరు చెబుతున్నారు. ఏది మేలు? ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తుంటే అసలు ఈ రంగంలోకి పంపవచ్చా? తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్‌లో చేరిపోతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. మీరు అడిగింది డైనో గురించే అయినా, అసలు భయం చివరి మూడు వాక్యాల్లో ఉంది. ముందు దాని సంగతే చూద్దాం.

ఎలక్ట్రిక్ మోటార్లనూ డైనో మీదే పరీక్షిస్తారు. ఏ వేగంలో ఎంత టార్క్ (తిప్పే బలం) ఇస్తోంది, ఎంత వేడెక్కుతోంది అన్నది అక్కడే తేలుతుంది. హైబ్రిడ్ కార్లలో మోటారు నుంచి ఇంజిన్‌కు పని మారేటప్పుడు కుదుపు రాకుండా చూడటమూ కాలిబ్రేషన్ (సెట్టింగులు సరిచేసే) ఇంజినీర్ల పనే. కొలవడం, డేటా చదవడం, ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడటం బాగా వచ్చినవాడికి పెట్రోల్ పోయినా పని పోదు. ధైర్యంగా ఉండండి.

ఇక పోలిక. లోడ్‌ను నిలిపి ఉంచగల డైనో మీద ఇంజిన్‌ను ఒకే ఆర్‌పీఎం దగ్గర ఆపి, ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) ఒక్కో డిగ్రీ జరుపుతూ టార్క్ పెరుగుతోందో లేదో చూడవచ్చు. పెరగడం ఆగినా, నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండటం) కనిపించినా వెనక్కి రావాలి. రోడ్డు మీద గాలి, ఎత్తుపల్లాలు, ట్రాఫిక్ అన్నీ కలిసి మారుతుంటే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో కొత్తవాడికి అంతుపట్టదు. పైగా ఫుల్ థ్రాటిల్‌లో నడుపుతూ ల్యాప్‌టాప్ చూడటం ప్రాణాంతకం. అందుకే మొదట డైనో.

అయితే డైనో ఒక్కటే సరిపోదు. ఫ్యాన్ పెట్టినా, టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు రోడ్డు మీద తగిలే గాలి అందడం కష్టం. కోల్డ్ స్టార్ట్ తర్వాత కారు తడబడుతోందా, థ్రాటిల్ ఒక్కసారిగా తొక్కితే ఎలా స్పందిస్తోంది లాంటివి నడిపి చూస్తేనే తెలుస్తాయి. 2013లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు రోడ్డు మీద కొలిచినప్పుడు, ల్యాబ్‌లో డైనో రోలర్ల మీద పాసైన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కారు ఒకటి నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదిలింది. ల్యాబ్ పరీక్షను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అందులో ఉందని 2015లో బయటపడింది. 2017 నుంచి యూరప్‌లో కొత్త మోడళ్లకు రోడ్డు మీద ఉద్గారాల పరీక్ష కూడా తప్పనిసరైంది. రెండూ తెలిసినవాళ్ల అవసరం అందుకే ఉంది.

నాకు అనుమానమల్లా ఆ రీమ్యాపింగ్ కోర్సుల మీదే. వాటిలో చాలావరకు ఎవరో తయారుచేసిన ఫైల్‌ను ఈసీయూలోకి (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌లోకి) ఎక్కించడం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. అందులో బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఎంత పెంచారు, ఎగ్జాస్ట్ వేడి ఎంత పెరుగుతుంది, ఆ వేడిని టర్బో తట్టుకుంటుందా అని అడిగితే సర్టిఫికెట్ ఉన్నవాడు నీళ్లు నములుతాడు. కారు నెలల తర్వాత చెడిపోతుంది, అప్పుడు పోయేది ట్యూనర్ పేరే.

మీకూ ఒక మాట, కాస్త కటువుగానే. తోటి పిల్లలు ఎక్కడ చేరారో మీకు బాగా తెలుసు. మీ అబ్బాయి ఇప్పటిదాకా ఏం నేర్చుకున్నాడో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అతను ఏ ఇంజిన్ మీద పనిచేశాడు, అతనికి ఫ్యూయల్ మ్యాప్ (ఎప్పుడు ఎంత ఇంధనం ఇవ్వాలో చెప్పే పట్టిక) చదవడం వచ్చా? తెలియకపోతే కూర్చుని అడగండి. పోల్చి పోల్చి పిల్లాడి ధైర్యం తీయకండి.

కోర్సు ఫీజు ఇప్పుడే కట్టొద్దు. డైనో మీద ట్రైనీని స్వయంగా మ్యాప్ రాయనిస్తారా, పక్కన నిలబెట్టి చూపిస్తారా అని అతన్నే వెళ్లి అడగమనండి. రోడ్ టెస్ట్ లాగ్‌లు ఎవరు విశ్లేషిస్తారో కూడా కనుక్కోమనండి. వాళ్లు చెప్పిన జవాబులు రాసి పంపితే, చేరాలో వద్దో సూటిగా చెబుతాను.