అన్నకు చెప్పాల్సిన మాట ఆమెకు చెబితే ఏం లాభం?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. నా పదకొండో ఏట నాన్న పోయారు. అన్న ఇంటర్‌తోనే చదువు ఆపేసి ఎరువుల దుకాణంలో పనికి కుదిరాడు, తర్వాత సొంతంగా దుకాణం పెట్టుకుని నన్ను బీటెక్ చదివించాడు. ఇప్పుడు నాది మాదాపూర్‌లో ఉద్యోగం. ఆఫీసులో పరిచయమైన కాకినాడ అమ్మాయీ నేనూ రెండేళ్లుగా ఇష్టపడుతున్నాం, ఇంట్లో తెలియదు. వదిన తన పిన్ని కూతుర్ని చూసింది. వచ్చే ఆదివారం పెళ్లిచూపులు. కాదంటే అన్న బాధపడతాడని వస్తానన్నాను. ఈలోగా నా ఫోన్‌లో తన నంబరు ‘క్యాబ్ డ్రైవర్ 2’ అని ఉండటం ఆ కాకినాడ అమ్మాయి చూసింది. పది రోజులుగా మాట్లాడటం లేదు. ఇంకో ఏడాది ఆగమని ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: బాబూ, ఆమెను ఒప్పించే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా చెప్పను. ఆ ఏడాదిలో నువ్వేం చేస్తావో ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. వచ్చే ఏడాదికి మీ అన్న తనంతట తాను మారతాడా? నీకు ధైర్యం దానంతట అదే వస్తుందా? రెండేళ్లు ఆగిన పిల్లను మళ్లీ ఆగమనడానికి నీకే కారణం తెలియనప్పుడు ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

పైన నీ ఉత్తరాన్ని కుదించి ఇచ్చాను గానీ నువ్వు రాసింది మూడు పేజీలు. అందులో ఆ అమ్మాయి గురించి పది వాక్యాలుంటే మిగతాదంతా మీ అన్నే. నీ మొదటి ఏడాది ఫీజు కట్టడానికి వచ్చినరోజు తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని కాలేజీ మెట్లెక్కాడని రాశావు. అది చదివి కాసేపు ఆగిపోయాను. అలాంటి అన్న ముందు నోరు పెగలకపోవడం నాకు అర్థమవుతుంది. కానీ నీకు అసలు చిక్కు ఉన్నది మీ ఇద్దరి మధ్యే. అప్పు తీసుకున్నవాడు షావుకారు ముందు నిలబడ్డట్టు పదహారేళ్లుగా ఆయన ముందు నిలబడుతున్నావు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మెకానికల్ పెట్టమన్నది అన్న, అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేరమన్నది అన్న స్నేహితుడు, జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు అన్న దగ్గర, నీ ఖర్చులకు ఆయనే ఫోన్‌పేలో పంపుతాడు. పోనీ ఆ కార్డు ఆయన అడిగాడా అంటే అడగలేదు. మొదటి జీతం రోజు నువ్వే తీసుకెళ్లి చేతిలో పెట్టానని గొప్పగా రాశావు.

ఎరిక్ ఎరిక్సన్ అనే మానసిక శాస్త్రవేత్త 1950లో మనిషి ఎదుగుదలను ఎనిమిది దశలుగా చెప్పాడు. నీ వయసువాళ్లకు ఆయన చెప్పిన పని ఇంకో మనిషికి మనస్ఫూర్తిగా దగ్గర కావడం, అది కుదరకపోతే మిగిలేది ఒంటరితనం. అయితే దానికి ముందు, టీనేజీలో, తానెవరో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి అంటాడు. అది తేలనివాడు ఇంకొకరికి ఏమని దగ్గరవుతాడు? ఆయన దారిలోనే పనిచేసిన జేమ్స్ మార్షియా 1966లో దీనికి ఒక పేరు పెట్టాడు, ఫోర్‌క్లోజర్ అని. ఏదీ వెతుక్కోకుండా, అటూ ఇటూ చూడకుండా, పెద్దవాళ్లు చూపించిన దారినే నా దారి అని ఖాయం చేసేసుకోవడం అన్నమాట. ఇలాంటి పిల్లలు చెడ్డవాళ్లేం కాదు, ఊళ్లో అందరూ బుద్ధిమంతుడని మెచ్చుకునేది వీళ్లనే. పెద్దలు చూపించని మనిషి ఒకరు మనసుకు నచ్చిన రోజున మాత్రం వీళ్లకు కాళ్లు చేతులు ఆడవు. ఇందులో తప్పంతా నీదే అనను. ఇంటర్ రెండేళ్లూ తెల్లవారకముందే లేపి స్టడీ అవర్లలో కూర్చోబెట్టే మన చదువుల్లో నాకేం కావాలి అని అడుక్కునే తీరిక ఏ పిల్లాడికి దొరికింది గనుక? ఆ పని అలా వాయిదా పడీ పడీ పెళ్లి మాట వచ్చినప్పుడు ఒక్కసారిగా మీద పడుతోంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి.

మా నాన్నగారు ఇంటికి పెద్దకొడుకు, ఇద్దరు తమ్ముళ్లను చదివించారు. చివరి రోజుల్లో ఒకసారి మా చిన్నాన్న వచ్చి వెళ్లాక నాతో అన్నారు, ‘వాడు ఎప్పుడొచ్చినా కాళ్లకు దండం పెడతాడమ్మా, పక్కన మాత్రం కూర్చోడు’ అని. చదివించినవాళ్లకు కూడా ఒక ఆశ ఉంటుంది బాబూ, తమ్ముడు వచ్చి మనసులో మాట చెప్పుకోవాలని. మీ అన్న బాధపడతాడు అని నువ్వు ఉత్తరంలో ఐదారుసార్లు రాశావు, ఆయన్ని ఒక్కసారైనా అడిగావా? అడగకుండానే ఆయన తరఫున బాధ నువ్వే పడేసి, ఆయన్ని ఒక కఠినాత్ముడిలా ఆ అమ్మాయి ముందు నిలబెట్టావు.

‘క్యాబ్ డ్రైవర్’ సంగతి. పేరులో ఏముంది, దానికి ఇంత గొడవా అన్నావు. టిఫిన్ సెంటర్‌లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అన్న ఫోన్ వస్తే లేచి మెట్ల మీదకు పోయేవాడివని, తిరిగొచ్చేసరికి ఆమె దోసె ముట్టకుండా నీకోసం కూర్చునేదని కూడా నువ్వే రాశావు. అలా కూర్చున్న పిల్ల తన పేరు అలా చూసుకుంటే ఎలా ఉంటుంది? నా కూతురికి అలా జరిగితే ఆ అబ్బాయితో మళ్లీ మాట్లాడమని నేను చెప్పను.

ఇక ఆ రెండో అమ్మాయి, మీ వదిన పిన్ని కూతురు. ఆదివారం ఆ పిల్ల చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పదిమందిలో వచ్చి కూర్చుంటుంది. కాదనేది ముందే ఖాయమైనా నువ్వు వెళ్లి వాళ్లింట్లో స్వీటు తిని వస్తావు. ఇది నాకు అస్సలు నచ్చలేదు, ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేదనే మనిషి చేసే పని కాదిది.

కాబట్టి ఊరికి వెళ్లు, ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. వదిన ద్వారా, బావగారి ద్వారా రాయబారాలూ వద్దు. ఇప్పుడు యూరియా సీజను, పగలంతా దుకాణం దగ్గర రైతులుంటారు, షట్టర్ దించే వేళకు వెళ్లి ఆయన పక్కన కూర్చో. ఫలానా అమ్మాయిని ఇష్టపడ్డాను, రెండేళ్లు నీ దగ్గర దాచాను, ఆదివారం రాలేను అని చెప్పు. కులం మాట తప్పకుండా వస్తుంది. నిన్ను ఇందుకేనా చదివించింది అనే మాట కూడా రావచ్చు, దానికి ఎదురు చెప్పకు, లేచి వెళ్లిపోకు కూడా. అరిస్తే అరవనీ, కూర్చుని విను. నెలరోజులు మాట్లాడకపోయినా నీ ఫోన్ ఆగకూడదు.

అన్న రుణం లేదని నేను అనను. ఉంది, తీర్చాలి. ఇంటి లోన్ కంతులో నీ వాటా ఎంత, ఆయన పిల్లల ఫీజులకు ఎంత ఇవ్వగలవు, ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. కార్డు వెనక్కి తీసుకుని ఆ డబ్బు ప్రతి నెలా నీ చేత్తో నువ్వే పంపు. నీ పెళ్లి మాత్రం ఆ లెక్కలో రాదు.

ఆ అమ్మాయికి ముందు క్షమాపణ చెప్పు, ఆగమని మాత్రం అడక్కు. అన్నతో మాట్లాడాక ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. తర్వాత ఆమె రావచ్చు, రాకపోవచ్చు. రానన్నా సరే, అన్నతో ఈ మాట నువ్వు చెప్పి తీరాలి.

ఆదివారం దాకా ఆగకు, బుధవారమో గురువారమో సెలవు పెట్టు. అవతల వాళ్లు చుట్టాలను పిలుచుకోకముందే, పిండివంటలు మొదలుపెట్టకముందే కబురు అందాలి. ఆ ఫోన్ మీ వదిన చేత చేయించకు, నువ్వే చెయ్యి.