ఫైలు కొనొద్దు, నేను తెస్తా

అమ్మా స్వాతీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం. పాపకు సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని ఒళ్లు, కండరాలు అదుపులో ఉండకపోవడం) అని డాక్టరు చెప్పగానే "నడుస్తుందా పెద్దమ్మా?" అని అడిగావు. రెండేళ్ల పిల్ల విషయంలో ఆ మాట ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేడు, నేనేం చెప్పను? కానీ చివర్లో ఇంకో మాట అన్నావు. "ఇప్పుడే సదరం, అదే వైకల్యం సర్టిఫికెట్టు, ఎందుకు, ఆడపిల్ల, ముద్ర పడిపోతుంది అంటున్నారు అత్తయ్య" అని. అక్కడ నా మనసు చివుక్కుమంది.

ఆ మాట మా ఇంట్లోనూ అన్నారు. అన్నది మా అత్తగారే గానీ, లోపల నాదీ అదే భయం. మా అబ్బాయి శ్రీనుదీ సీపీయే కదా, వాడి చెల్లెలికి రేపు సంబంధాలు రావేమోనని. శ్రీనుకి తొమ్మిదేళ్లు వచ్చేదాకా, అంటే 2010 దాకా, ఏ కాగితమూ తీయలేదు. ఆ తొమ్మిదేళ్లూ పింఛను లేదు, రైల్లో రాయితీ లేదు, కాళ్లకు ఊతంగా కట్టే క్యాలిపర్లు మా డబ్బుతోనే. ముద్ర మాత్రం పడనే పడింది. వీధిలో అందరికీ కళ్లున్నాయి కదా!

థెరపీకి మాత్రం సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో డీఈఐసీ అని, పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం ఉంటుంది, పిల్లల కోసమే. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చూస్తారు. ఫిజియోథెరపీ, మాటలు నేర్పడం అన్నీ అక్కడే. మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. బడి వయసు వచ్చాక మండలంలో ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం ఉంటుంది. బడికి రాలేని పిల్లలకు టీచరు ఇంటికే వచ్చి చెబుతుంది.

ఇక సదరం. సచివాలయంలో స్లాటు బుక్ చేస్తారు, ఇచ్చిన తేదీకి ఆసుపత్రికి వెళ్లాలి. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని విను. ఆ రోజు శ్రీనుకి తలంటి, ఇస్త్రీ చొక్కా వేసి, పెళ్లికి తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాను. డాక్టరు "తనే తింటాడా?" అని అడిగితే "తనే తింటాడు సార్" అన్నాను, గర్వంగా. నిజమే, తింటాడు. కానీ నాలుగు ముద్దలకు నలభై నిమిషాలు పడుతుందని, సగం ఒళ్లోనే పడుతుందని, కంచం పక్కన నేను కూర్చోకపోతే గొంతుకు అడ్డం పడుతుందని చెప్పలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వైకల్యం శాతం నలభైకి కింద పడింది. నలభై లేకపోతే చాలా పథకాలు రావు. అప్పీలు చేసి మళ్లీ పరీక్ష చేయించుకునేసరికి ఏడాది గడిచింది.

మన పిల్లల గురించి నలుగురిలో మంచే చెప్పడం మనకు అలవాటు. ఆ ఒక్క పూట ఆ అలవాటు మానుకో. అబద్ధం ఆడమనడం లేదు. ముందురోజు రాత్రి కూర్చుని, పాప పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ పనికి ఎవరి సాయం కావాలో, ఎంతసేపు పడుతుందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. అక్కడ టెన్షన్‌లో ఏదీ గుర్తుకు రాదు. చిన్నపిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు. గడువు ఎప్పటిదాకా ఉందో చూసి క్యాలెండర్ మీద రాసి పెట్టు.

ఆ సర్టిఫికెట్టు వచ్చాక యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు వస్తుంది, అది దేశమంతా చెల్లుతుంది. మన ఆంధ్రలో పింఛను 2024 నుంచి నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. మీ ఆయన జీతానికి పింఛను రాకపోవచ్చు. రాకపోతే ఇన్‌కం టాక్స్ పాత విధానంలో పన్ను వేసే ఆదాయంలోంచి 75,000 తగ్గింపు ఉంది, వైకల్యం ఎనభై శాతం, ఆపైన ఉంటే 1,25,000. కొత్త విధానంలోకి మారే ముందు ఈ లెక్క చూసుకోమను.

చాలామందికి తెలియనిది నిరామయ. 1999లో నేషనల్ ట్రస్ట్ అని చట్టం చేశారు, సీపీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి లోపాలు ఉన్నవాళ్ల కోసం. ఆ ట్రస్ట్ వాళ్ల ఇన్సూరెన్సే నిరామయ. ఏడాదికి లక్ష దాకా ఇస్తారు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. మామూలు ఇన్సూరెన్సు వాళ్లు మన పిల్లల్ని చూసి మొహం తిప్పుకుంటారు, వీళ్లు ముందస్తు వైద్య పరీక్ష కూడా అడగరు. ముందు మనం కట్టి తర్వాత తెచ్చుకోవాలి కాబట్టి ప్రతి బిల్లు మీద తేదీ, సంతకం, స్టాంపు అడిగి వేయించుకో. సిగ్గుపడకు. స్టాంపు లేదని నావి మూడు నెలల బిల్లులు వెనక్కొచ్చాయి.

ఇదే చట్టం కింద ఇంకో సంగతి ఉంది, నీకిప్పుడు అక్కర్లేదు గానీ చెవిన వేసుకో. పద్దెనిమిది నిండాక, తన వ్యవహారాలు తను చూసుకోలేని బిడ్డ అయినా సరే, కన్న తల్లిదండ్రులం కూడా చట్టం దృష్టిలో వాళ్లంతటవాళ్లే గార్డియన్లం కాము. కలెక్టరు ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి.

స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స అంటూ ఎవరైనా వస్తే వీధి గుమ్మం దగ్గరే ఆపు. సీపీకి అది ఇంకా ఆమోదం పొందిన చికిత్స కాదని కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నా చేతి గాజులు అలాంటి చోటే పోయాయి. మీ పెదనాన్నకి ఆ ఊసెత్తితే ఇప్పటికీ కోపం, నాకు మాత్రం నవ్వొస్తుంది.

థెరపీ గది బయట బల్ల ఉంటుంది చూడు, అక్కడ ఫోను చూసుకుంటూ కూర్చోకు. నాకు నిరామయ గురించి చెప్పింది ఏ ఆఫీసరూ కాదు, ఆ బల్ల మీద నా పక్కన కూర్చున్న ఒక తల్లి. శ్రీను చెంచా పట్టుకోలేక జారవిడుస్తుంటే, సైకిల్ ట్యూబు ముక్క కోసి కాడకు నాలుగు చుట్లు చుట్టి ఇచ్చిందీ ఆవిడే. కాడ లావయ్యేసరికి పిడికిట్లో ఆగింది. ఆ రోజు వాడు పెరుగన్నం చెంచాతో నోటిదాకా తెచ్చుకుంటుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూశాం.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సేవ అది, టెలీ మానస్ అంటారు. వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. వాళ్లకంటే ముందు నాకు చేసినా పర్లేదు, నేనెలాగూ మేలుకునే ఉంటాను.

శనివారం పాసింజరుకు వస్తున్నా. మీ అత్తగారితో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో రావొద్దు. పాప ఆధార్, మీ ఇద్దరి ఆధార్లు, పుట్టిన సర్టిఫికెట్టు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు మూడేసి జిరాక్సులు తీయించి ఉంచు. ఫైలు కొనొద్దు. శ్రీనుది నీలం రెక్సిను ఫైలు, జిప్పు పోయింది గానీ గట్టిది, అదే తెస్తా. ట్యూబు ముక్క కూడా.

మీ పెద్దమ్మ