ఆ పుస్తకాల్లో పక్కన పెట్టేసిన బొమ్మలు చూడమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాలు ఎలా తీశారో చెప్పే బొమ్మల పుస్తకాలు తెప్పించుకుంటోంది. ఒక్కోటి మూడు నాలుగు వేలు. వాటిలో ఉన్నట్టు అంతరిక్ష నౌకలు, నగరాలు గీసే ఉద్యోగమే చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? దానికి ఏం చదివించాలి? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ఉందండీ. కాన్సెప్ట్ ఆర్టిస్ట్ అంటారు. సినిమాలతో పాటు గేమ్ స్టూడియోల్లో, వీఎఫ్ఎక్స్ కంపెనీల్లో కూడా ఈ పని ఉంటుంది. ఇక ఏం చదివించాలన్నదానికి జవాబు ఆ పుస్తకాల్లోనే దొరుకుతుంది. ఆ బొమ్మలు వేసినవాళ్లు ఏం చదివారో చూడండి.

1977 నాటి స్టార్ వార్స్‌కు తొలి చిత్రాలు వేసిన రాల్ఫ్ మెక్‌క్వారీ అంతకుముందు విమానాల కంపెనీ బోయింగ్‌లో టెక్నికల్ ఇలస్ట్రేటర్, అంటే యంత్రాల, భాగాల బొమ్మలు గీసే ఉద్యోగి. అదే సినిమాకు స్టోరీబోర్డులు (షాట్ల వరుస బొమ్మలు), నౌకలు గీసిన జో జాన్‌స్టన్ చదివింది ఇండస్ట్రియల్ డిజైన్, అంటే తయారుచేసే వస్తువుల రూపకల్పన. 1982లో వచ్చిన బ్లేడ్ రన్నర్‌కు వాహనాలు గీసిన సిడ్ మీడ్ ఒకప్పుడు ఫోర్డ్ కార్ల డిజైన్ స్టూడియోలో పనిచేసినవారు. 1979 నాటి ఏలియన్ సినిమాలోని జీవికి రూపమిచ్చిన గీగర్ కూడా జ్యూరిక్‌లో ఆర్కిటెక్చర్, ఇండస్ట్రియల్ డిజైన్ చదివినవారే. వస్తువు ఎలా తయారవుతుందో తెలిసిన చేతులు కాబట్టే, సెట్ కట్టేవాళ్లకూ మోడల్ చేసేవాళ్లకూ ఆ బొమ్మలు పనికొచ్చాయి. కాబట్టి ఎంపీసీ వృథా పోతుందని దిగులు పడకండి.

పుస్తకాలు మాన్పించకండి, చదివే తీరు మార్చమనండి. వీటిలో రెండు రకాలున్నాయి. 'ఆర్ట్ ఆఫ్' అన్న పేరుతో వచ్చేవాటిలో ఎక్కువగా ఏరికోరి పెట్టిన చిత్రాలుంటాయి. 'మేకింగ్ ఆఫ్' అన్నవాటిలో ఆ బొమ్మ సెట్‌గా కట్టేదాకా ఏం జరిగిందో ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు రెండోరకమే మేలు. ఉదాహరణకు, స్టార్ వార్స్‌లోని మిలేనియం ఫాల్కన్ మొదట పొడవాటి నౌక. స్పేస్: 1999 అనే టీవీ సీరియల్‌లోని నౌకను పోలి ఉందని దాన్ని పక్కన పెట్టి, గుండ్రటి రూపం గీశారు. పాతదాన్ని పారేయలేదు, కాస్త మార్చి సినిమా మొదట్లో కనిపించే తిరుగుబాటుదారుల నౌకగా వాడుకున్నారు. ఈ ఉద్యోగంలో రోజూ జరిగేది ఇదే. గీసినవాటిలో చాలావరకు పక్కకు పోతాయి. అందుకు మనసు సిద్ధంగా ఉండాలి.

సిడ్ మీడ్ అనుభవంలో ఇంకో పాఠం ఉంది. ఆయన్ను పిలిచింది వాహనాలు గీయడానికి. ఆయన కారును ఖాళీ కాగితం మీద వదలకుండా చుట్టూ వీధి కూడా గీశారు. ఆ వీధి దర్శకుడు రిడ్లీ స్కాట్‌కు నచ్చి, నగరం గీసే పని కూడా ఆయనకే వచ్చింది.

ఇక సాధన. 12 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉన్న డబ్బాలు గీసుకోమనండి. వెడల్పాటి సినిమా తెర దాదాపు ఆ నిష్పత్తిలోనే ఉంటుంది. ఒకే దృశ్యాన్ని 20 డబ్బాల్లో 20 రకాలుగా, నలుపు, బూడిద, తెలుపు మాత్రమే వాడి వేయాలి. ప్రతి డబ్బాలో ఒక మనిషి ఉండాలి, లేకపోతే నౌక ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియదు. వాటిలో ఒకటి ఎంచుకుని అందులోని వాహనాన్ని ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి 1:20 కొలతలో గీయాలి. 6 మీటర్ల వాహనం 30 సెం.మీ. అవుతుంది, ఏ3 కాగితంలో పడుతుంది. 1.7 మీటర్ల మనిషి 8.5 సెం.మీ. ఆ మనిషిని కాగితం మీద కత్తిరించి సీట్లో కూర్చోబెట్టి చూడమనండి.

తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. తల పైకప్పుకు తగులుతుంది. తలుపు తెరిస్తే చక్రానికి అడ్డం వస్తుంది. పక్క నుంచి కనిపించే కిటికీ పై నుంచి చూస్తే మరోచోట ఉంటుంది. రంగుల బొమ్మలో ఇవన్నీ నీడల్లో దాక్కుంటాయి. ఇంకో తప్పు, నౌక ఒళ్లంతా గొట్టాలూ పలకలూ నింపేయడం. స్టార్ వార్స్ మోడల్ కట్టినవాళ్లు ట్యాంకులు, విమానాల ప్లాస్టిక్ కిట్ల ముక్కలు అతికించింది నిజమే. కానీ పక్కనే నునుపు భాగం వదిలితేనే ఆ సన్న పని వల్ల నౌక భారీగా కనిపిస్తుంది.

కల్కి 2898 ఏడీలోని బుజ్జి వాహనాన్నే తీసుకోండి. అది బొమ్మగా ఆగిపోలేదు. మహీంద్రా, కోయంబత్తూరులోని జయేం అనే సంస్థ ఇంజినీర్ల సాయంతో దాదాపు 6 టన్నుల బండిగా రోడ్డెక్కింది. గీసేవాళ్లకు ఇంజినీరు అడిగే ప్రశ్న అర్థం కావాలి.

చదువుల విషయంలో నా మొదటి సలహా ఇండస్ట్రియల్ లేదా ప్రొడక్ట్ డిజైన్‌లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ). ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)కి డాట్, ఐఐటీ హైదరాబాద్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఈ రెండింటి దరఖాస్తులూ ఇంటర్ రెండో సంవత్సరం దసరా, దీపావళి రోజుల్లోనే ఉంటాయి. ఫలితాలొచ్చాక చూద్దామనుకుంటే ఒక ఏడాది పోతుంది. నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చేయడం కూడా మంచి దారే, సెట్ల వైపు వెళ్లడానికి బాగా పనికొస్తుంది. బొమ్మ గీయడమే ప్రాణమైతే హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో ఉన్న ఆర్ట్ డైరెక్షన్ కోర్సు డిగ్రీ తర్వాతే. త్రీడీ కోసం బ్లెండర్, డిజిటల్ పెయింటింగ్‌కు క్రిటా ఉచితంగా దొరుకుతాయి. ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షలు అడిగే చిన్న కోర్సులకు ఇప్పుడే డబ్బు కట్టకండి.

పోర్ట్‌ఫోలియోలో (ఉద్యోగానికి, సీటుకు చూపే సొంత బొమ్మల సంకలనంలో) పుస్తకం చూసి దించిన బొమ్మలు, ఏఐతో చేయించినవి పెట్టొద్దనండి. సొంత కథకు గీసిన రెండు మూడు ప్రాజెక్టులు, ఒక్కోదానికి చిన్న స్కెచ్‌ల నుంచి కొలతల డ్రాయింగ్ దాకా అన్ని దశలూ ఉండాలి. ఉద్యోగంలో చేరాక సినిమా విడుదలయ్యేదాకా గీసింది బయట చూపడానికి ఒప్పుకోరు. అప్పుడు చేతిలో ఉండేవి ఈ సొంత ప్రాజెక్టులే. ఈ వేసవి సెలవుల్లో ఒక వాహనాన్ని అట్టముక్కలతో 1:20 మోడల్ దాకా పూర్తి చేయించండి. చెడిపోయిన అట్టముక్కల ఫొటోలు కూడా తీసి దాచమనండి, ఇంటర్వ్యూలో వాటి గురించి అడుగుతారు.