టెక్ సందేహాలు: వెయ్యి వ్యూస్‌కి పద్దెనిమిది రూపాయలేనా?

రెండు నెలలుగా మెయిల్ తెరిస్తే ఒకటే గోల: బ్లాగులో ప్రకటనలు పెట్టాం, డబ్బులు రావడం లేదు. ఖమ్మం నుంచి వంటల బ్లాగు రాసే ఒకావిడ అందరికంటే సూటిగా అడిగారు కాబట్టి ఆవిడ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: నా బ్లాగుకు నెలకు 40 వేల పేజీ వ్యూస్ వస్తాయి. వెయ్యి వ్యూస్‌కి 18 రూపాయలు కూడా సరిగా పడటం లేదు. మా తమ్ముడు ఇంగ్లిష్‌లో ఫోన్ల గురించి రాస్తాడు, వాడికి ఇంతకు ఐదింతలు వస్తోంది. ఈ రేటు ఎవరు పెడతారు? పెంచమని ఎవర్ని అడగాలి?

అడగడానికి ఎవరూ లేరమ్మా. పేపర్లో ప్రకటనకైతే కాలమ్ సెంటీమీటరుకు ఇంత అని రేటు కార్డు ఉంటుంది. ఇక్కడ కార్డు లేదు, వేలంపాట ఉంది. అదీ నెలకోసారి కాదు. మీ గుత్తివంకాయ పేజీ ఎవరు తెరిచినా, అందులో ఉన్న ప్రతి ప్రకటన గడికీ విడిగా ఒక పాట. తెరిచినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ ఫోన్ వాడుతున్నారు, నిన్న ఏం కొనాలని వెతికారు అన్నవి చూసుకుని కంపెనీల తరఫున సాఫ్ట్‌వేర్లు పాడతాయి. సుమారు సెకనులో పదోవంతులో పాట ముగిసి, గెలిచినవాడి బొమ్మ వచ్చి కూర్చుంటుంది.

పాడేవాళ్ల కొలతలు కూడా ఒకటి కావు. ఒకడు వెయ్యిసార్లు చూపిస్తే 15 రూపాయలిస్తానంటాడు. ఇంకొకడు చూపిస్తే ఏమీ ఇవ్వను, క్లిక్ చేస్తే 10 రూపాయలిస్తానంటాడు. వీళ్లిద్దరినీ పోల్చాలంటే ఆ రెండోవాడి ప్రకటనకు ఎన్ని క్లిక్కులు రావచ్చో ఎక్స్ఛేంజీ, అంటే ఈ పాట నడిపే వేదిక, అంచనా కడుతుంది. వెయ్యికి రెండు క్లిక్కులు వస్తాయనుకుంటే అతని పాట 20 రూపాయలు, గెలుపు అతనిదే. ఒక్క క్లిక్కే వస్తుందనుకుంటే 10 రూపాయలే, ఓడిపోతాడు. అంటే మీ పేజీలో క్లిక్కులు రావని మెషీన్ ఒకసారి తేల్చుకుందంటే, పది రూపాయలిస్తానన్నవాడు కూడా మీ దగ్గరికొచ్చేసరికి చిల్లర పెట్టినట్టే లెక్క.

గెలిచినవాడు ఎంత కట్టాలన్నది ఇంకో కథ. బాలాపూర్ లడ్డూ పాట టీవీలో చూసే ఉంటారు. గెలిచినాయన తన జేబులో ఉన్నదంతా కట్టడు, ఎదుటివాడు ఆగిపోయిన చోటుకు కాస్త పైన ఆగుతాడు. ఇంకా ఎంతవరకు పోగలడో ఎవరికీ తెలియదు. ఎక్స్ఛేంజీలు చాలాకాలం ఈ పద్ధతే నడిపాయి. ఎక్కువ పాడినవాడిదే గెలుపు, కానీ కట్టేది రెండోవాడి రేటు. ఇలాంటి వేలంలో ఎవరైనా మనసులో ఉన్న అసలు ధరే చెప్పేస్తారని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లోనే విశ్లేషించాడు, 1996లో నోబెల్ కూడా వచ్చింది. (బాలాపూర్ లడ్డూను మొదట 450 రూపాయలకు పాడింది 1994లో. హాట్‌వైర్డ్ అనే సైటులో వెబ్ చరిత్రలో తొలి బ్యానర్ ప్రకటనలు వచ్చింది కూడా అదే ఏడాది అక్టోబరులో. రెండూ ఒక ఈడువే!)

తర్వాత మధ్యవర్తులు పెరిగారు. ఒక పాటలో గెలిచినవాడు పై పాటలో మళ్లీ పాడాలి. రెండోవాడి రేటు ఎక్కడ లెక్కకట్టారో కట్టినవాడికే అనుమానం. దాంతో గూగుల్ తన పెద్ద ఎక్స్ఛేంజీని 2019లో, చిన్న బ్లాగర్లు వాడే యాడ్‌సెన్స్‌ను 2021లో ఫస్ట్ ప్రైస్‌కు మార్చింది. ఇప్పుడది కాంట్రాక్టర్ల సీల్డ్ టెండరు లాంటిది, కవర్లో ఎంత రాస్తే అంతా కట్టాలి. ఇక మన పంట పండిందని అప్పట్లో సంబరపడిన బ్లాగర్లు నాకు తెలుసు. టెండర్లో ఎవడైనా గుండెమీద చెయ్యేసుకుని అసలు ధర రాస్తాడా? కొనేవాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా అంతే, గెలవడానికి ఎంత చాలో లెక్కేసుకుని తగ్గించి పాడుతుంది.

మీ తమ్ముడి సంగతికొద్దాం. అతని పేజీకి ఫోన్లు, కవర్లు, ఈఎంఐ కార్డులు అమ్మేవాళ్లందరూ పాటకొస్తారు. మీ పేజీకి వచ్చేవాళ్లు తక్కువ, ఇద్దరే ఉన్న పాటలో ధర ఎక్కడికి పెరుగుతుంది? యాడ్‌సెన్స్ తెలుగు పేజీలను ఒప్పుకున్నదే 2018లో. తెలుగులో ప్రకటన తయారు చేయించే కంపెనీలు ఇప్పటికీ ఎక్కువ లేవు. నమ్మకం లేకపోతే మీ రిపోర్టులో దేశాలవారీగా తెరిచి చూడండి. అదే గుత్తివంకాయను డాలస్‌లో ఉన్న మనమ్మాయి తెరిస్తే, ఆ గడికి పాడేది అక్కడి బీమా కంపెనీలు, అక్కడి దుకాణాలు. పేజీ మీదే, రాత మీదే, పాటకు వచ్చినవాళ్లు వేరు.

కోత కూడా లెక్కలో ఉంది. 2023 నవంబరులో గూగుల్ ప్రకటించిన ప్రకారం, వాళ్ల సొంత యాడ్స్ వేదిక ద్వారా ప్రకటనదారు 100 రూపాయలు పెడితే, ఆ వేదిక సగటున 15 పట్టుకుంటుంది. మిగిలిన 85లో 80 శాతం మీకు, అంటే 68 రూపాయలు. వేరే కొనుగోలు వేదిక నుంచి వస్తే వాళ్ల కమిషన్ ముందే పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. దసరా, దీపావళికి రేటు లేచి జనవరిలో పడిపోతే కంగారు పడకండి, అది పండగ బడ్జెట్ల సంగతి.

ఇంకొకటి. మీ ఉత్తరం చివర్లో వాట్సాప్ గ్రూపు గురించి రాశారు. నువ్వు నా ప్రకటన నొక్కు, నేను నీది నొక్కుతా అనే గ్రూపు. ఈ రోజే బయటికి రండి. ఆ క్లిక్కుల డబ్బు నెలాఖరు లెక్కల్లో ఎలాగూ కోసేస్తారు. వంద డాలర్లు దాటితే గానీ చేతికి రాని ఖాతా తొంభై ఐదు దగ్గర మూతపడితే నాకు మళ్లీ ఉత్తరం రాస్తారు, అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ప్రశ్న: డబ్బులొద్దు, పాఠకులు చాలనుకుని ఒక బ్లాగుల ఎక్స్ఛేంజీలో చేరాను. ఇతరుల బ్యానర్ చూపిస్తే క్రెడిట్లు ఇస్తారు, వాటితో మన బ్యానర్ వాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. మొదట్లో పది క్రెడిట్లకు ఒక రోజు దొరికేది, ఇప్పుడు రెండు వందలు అడుగుతున్నారు. మోసమా? (కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు)

మోసం కాకపోవచ్చు మాస్టారూ, ధరలు పెరగడమే. బ్యానర్ చూపించినప్పుడల్లా కొత్త క్రెడిట్లు పుడుతుంటాయి, ఇక నోట్లు అచ్చేస్తూ పోయినట్టే. మంచి బ్లాగుల్లో ఖాళీ మాత్రం రోజుకు ఒకటే. అందరి దగ్గరా క్రెడిట్లు మూలుగుతుంటే ఆ ఒక్కదాని ధర పెరగక ఏం చేస్తుంది?

ఈ పద్ధతి పాతదే. 1996లో మొదలైన లింక్‌ఎక్స్ఛేంజ్‌లో మీరు రెండుసార్లు ఇతరుల బ్యానర్ చూపిస్తే మీది ఒకసారి చూపించేవాళ్లు. మిగిలిన ఆ సగం ఏమైంది? కంపెనీ దాన్ని ప్రకటనదారులకు అమ్ముకుంది. 1998లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 26.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఉచితంగా ఇచ్చిపుచ్చుకుంటున్నాం అనుకున్నవాళ్ల సగం సగం కలిసి అంత అయ్యింది.

నాకు నచ్చినది కెనడా కార్టూన్ రచయిత రయన్ నార్త్ 2006లో పెట్టిన ప్రాజెక్ట్ వండర్‌ఫుల్. క్లిక్కులూ లేవు, వేల వ్యూసూ లేవు. రోజుకు ఇంత అని పాడాలి, పైన ఉన్నంతసేపటికే కట్టాలి, ఎవరైనా మించి పాడితే మీ మీటరు ఆగిపోతుంది. పాటకు ఎవరూ లేని బ్లాగులో సున్నాకే బ్యానర్ పెట్టుకోవచ్చు. ఏ బ్లాగు ఎంత పలుకుతోందో అందరికీ కనబడేది. పాఠకుణ్ని వెంటాడని ఆ ఏర్పాటును 2018లో మూసేశారు.

ప్రశ్న: ఎక్కువ రేటిస్తామన్న ఒక ప్రకటనల నెట్‌వర్క్ కోడ్ పెట్టాను. అప్పటి నుంచి నా బ్లాగు తెరిస్తే బెట్టింగ్ యాప్ పేజీకి పోతోందని పాఠకులు తిడుతున్నారు. నా కంప్యూటర్లో మాత్రం బాగానే ఉంది! (కరీంనగర్)

మీ కంప్యూటర్లో బాగానే ఉంటుంది. ఉండాలనే అలా రాశారు. నాకు నిద్ర పట్టనివ్వని ఉత్తరం ఇదే, కాబట్టి మిగతావాళ్ల ప్రశ్నలు వచ్చేసారికి.

మీరు అతికించిన ఆ రెండు లైన్లు ప్రకటన కాదు. వాళ్ల సర్వర్ నుంచి ప్రతిసారీ కొత్తగా స్క్రిప్ట్ (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాం) తెచ్చుకో అన్న ఆదేశం. మీరు చూసిన రోజు అక్కడ బొమ్మే ఉండి ఉంటుంది. ఈ రోజు ఏముందో వాళ్ల ఇష్టం. పైగా అది మీ పేజీలో మీ పేరు మీద నడుస్తుంది కాబట్టి పేజీని ఎక్కడికైనా మళ్లించగలదు, దొంగ లాగిన్ పెట్టె పెట్టగలదు. పద్ధతైన ఎక్స్ఛేంజీ తన ప్రకటనను విడి ఫ్రేములో కట్టేసి చూపిస్తుంది. నేరుగా థీమ్‌లో (బ్లాగుకు రూపమిచ్చే కోడ్‌లో) హెడ్ అనే మొదటి భాగంలోనే పెట్టాల్సిందేనని పట్టుబట్టేవాళ్లను మొదట అనుమానించండి. బ్లాగు అడ్మిన్ లాగిన్ అడిగితే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

మీకు కనబడకపోవడానికి కిటుకు ఉంది. ఇలాంటి స్క్రిప్టులు ఫోన్‌లోనే, అదీ సెర్చ్ నుంచి వచ్చినవాళ్లకే, మనిషికి రోజుకోసారి మాత్రమే ఎర వేస్తాయి. ఓనర్‌గా లాగిన్ అయి కనబడితే నోరెత్తవు. అందుకని వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటోలో, మీ బ్లాగును గూగుల్‌లో వెతికి అక్కడి నుంచి తెరవండి. రెండు మూడు ఫోన్లలో చూడండి.

చిన్న బ్లాగు కదా అనుకోవద్దు. 2009 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ సైటులోనే ప్రకటన రూపంలో దొంగ యాంటీవైరస్ దూరింది. 2024లో పాలీఫిల్ అనే మామూలు స్క్రిప్ట్ ఉన్న డొమైన్ చేతులు మారాక, దాన్ని ఏళ్ల కిందట అతికించుకుని మరిచిపోయిన లక్షకు పైగా సైట్ల పాఠకుల్లో కొందరు ఎక్కడెక్కడికో మళ్లిపోయారు. సైటు ఓనర్లు ఆ రోజు ఒక్క అక్షరం మార్చలేదు. మీ విషయంలో చట్టం కూడా ఉంది. 2025లో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. నాకు తెలియకుండా వచ్చింది సార్ అని పోలీసులకు మీరు చెప్పుకోవాలి, ఆ నెట్‌వర్క్ చెప్పదు.

యాడ్స్ డాట్ టెక్స్ట్ ఫైలు కూడా ఒకసారి తెరవండి. మీ గడులు ఎవరు అమ్మవచ్చో ప్రకటించడానికి 2017లో తెచ్చిన మంచి ఏర్పాటు అది. ఈ నెట్‌వర్కులేమో మూడు వందల లైన్లు పంపి, కళ్లు మూసుకుని పేస్ట్ చేయమంటాయి. చాలా లైన్ల చివర రీసెల్లర్, అంటే మారుబేరగాడు, అని ఉంటుంది. ఇంటికి టూలెట్ బోర్డు పెట్టి, మూడు వందల మంది బ్రోకర్లకు తాళం చెవులు ఇచ్చినట్టు.

ఉండబట్టలేక ఈ కరీంనగర్ మిత్రుణ్ని థీమ్ మొత్తం కాపీ చేసి పంపమన్నాను. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన కూడలి, హారం సైట్ల రోజుల నాటి బ్లాగు. బయటి నుంచి వచ్చే స్క్రిప్టులు పదకొండు లెక్కపెట్టాను. గడియారం ఒకటి, మౌస్ వెంట ఈదే చేపల తొట్టి ఒకటి, ఎంతమంది వచ్చారో చూపే కౌంటర్లు రెండు. ఒక్కొక్కటీ తీసేసి ఫోన్‌లో చూడమంటే రెండు రోజులకు జవాబొచ్చింది. నెట్‌వర్క్ కోడ్ తీసినా బెట్టింగ్ పేజీ పోలేదట. రెండో కౌంటర్ తీశాక పోయిందట. దాన్ని ఎప్పుడు పెట్టారో ఆయనకే గుర్తులేదు.